ఇచ్చిన రూపాయికి సాక్షి



2015 డిసెంబరు 1వ తేదీ. మద్రాసు నగరం మీద ఆకాశం విరిగి పడింది. తాంబరంలో ఒక్క రోజులో 49 సెంటీమీటర్ల వాన. చెంబరంబాక్కం చెరువు నిండి, ఆ నీళ్ళు అడయారు నదిలోకి వదిలేసరికి నది పక్కనున్న కాలనీలన్నీ మునిగిపోయాయి. విమానాశ్రయంలో రన్‌వే చెరువైపోయింది. 1878లో పుట్టిన హిందూ పత్రిక ఆ మర్నాడు మద్రాసులో అచ్చు కాలేదు, పనివాళ్ళు ప్రెస్సుకు చేరుకోలేక. మనకు మద్రాసు పరాయి ఊరేమీ కాదు. నగరి, పుత్తూరు, చిత్తూరు వాళ్ళకు పెళ్ళి బట్టలు కావాలన్నా, పెద్దాసుపత్రి కావాలన్నా పొద్దున రైలెక్కి రాత్రికి తిరిగొచ్చే ఊరు. ఆ రోజుల్లో మన నెల్లూరు, చిత్తూరు జిల్లాలు కూడా ఆ వానల్లోనే నానుతున్నాయి.

ఈ పూట నేను చెప్పబోయేది ఆ వానలో మొలిచిన ఒక వ్యాపార ఆలోచన గురించి. క్రౌడ్ ఫండింగ్ అంటున్నాం కదా, పదిమంది దగ్గర తలా కొంచెం పోగుచేసి ఒక పనికి పెట్టడం, దాన్ని ఇంటర్నెట్ మీద నడపడం. ఆ రంగంలో హైదరాబాదు కేంద్రంగా వచ్చిన సంస్థ డొనేట్‌కార్ట్. అనిల్ కుమార్ రెడ్డి, సందీప్ శర్మ, సారంగ్ బోబడే అనే యువకులు దాన్ని స్థాపించారు. ముగ్గురూ నాగపూరులోని విశ్వేశ్వరయ్య ఎన్.ఐ.టి.లో చదువుకున్నవాళ్ళు. మద్రాసు వరదల అనుభవమే తమ సంస్థకు బీజమని వాళ్ళు చెప్పుకున్నారు.

ఆ అనుభవంలో ఏముంది? వరదలొచ్చినప్పుడు దేశమంతా స్పందించింది. సాయం చేయాలన్న మనసు జనానికి లేదని ఎవరూ అనలేరు. కానీ డబ్బు పంపమంటే చెయ్యి ఆగిపోతుంది. ఎవరికి పంపుతున్నాం, మధ్యలో ఎవరు తింటారు, చివరికి చేరుతుందా అన్న అనుమానం. అదే మనిషిని ఒక దుప్పటి ఇవ్వమంటే, ఒక బియ్యం బస్తా ఇవ్వమంటే వెంటనే లేచి బీరువా తెరుస్తాడు, అంగడికి పోతాడు. డబ్బు ఇవ్వడానికి వెనకాడే చెయ్యే వస్తువు ఇవ్వడానికి ముందుకు వస్తోంది. ఆ యువకులు పట్టుకున్నది ఈ చిన్న తేడానే. నా దృష్టిలో ఆ వ్యాపారానికి పునాది అదే. యాప్ కట్టడం, వెబ్‌సైట్ కట్టడం తరువాతి మాట.

అయితే వస్తువులు ఇవ్వడంలో ఇంకో చిక్కుంది. 2004 సునామీ తరువాత నాగపట్టణం దారుల వెంబడి పాత బట్టలు గుట్టలు గుట్టలుగా పడి ఉన్నాయి. దేశం నలుమూలల నుంచి లారీలెక్కి వచ్చిన బట్టలవి. తీసుకునేవాళ్ళు లేరు. సముద్రం సమస్తాన్నీ తీసుకుపోయినా మనిషికి అభిమానం మిగిలే ఉంటుంది. ఎవరో తొడిగి విడిచిన చొక్కా తొడుక్కోవాలంటే మనసొప్పదు. పైగా ఆ బట్టల్ని దించడానికీ, ఏరడానికీ, పారేయడానికీ మనుషులు కావాలి, బండ్లు కావాలి. సాయం చేయవలసిన చేతులు సాయాన్ని సర్దుకోవడంలో అలసిపోయాయి. 2021 నవంబరులో మన తిరుపతి మునిగినప్పుడు, స్వర్ణముఖి పొంగినప్పుడు, రామచంద్రాపురం మండలంలో రాయలచెరువు కట్ట నుంచి నీళ్ళు కారుతున్నాయని చుట్టుపక్కల పల్లెల్ని ఖాళీ చేయించినప్పుడు, ఊళ్ళు విడిచిన జనానికి ఏం కావాలో ఒకసారి ఊహించుకోండి. తాగే నీళ్ళు, వండిన అన్నం, పసిపిల్లలకు పాలపొడి, ఆడవాళ్ళకు మార్చుకునే బట్టలు, శానిటరీ ప్యాడ్లు, ముసలివాళ్ళ బీపీ మాత్రలు, దోమతెరలు. దూరాన కూర్చున్న దాతకు ఇందులో సగం తట్టవు. ఆయనకు తోచేది బిస్కెట్లు, పాత చీరలు.

డొనేట్‌కార్ట్ పద్ధతి ఈ రెండు ముళ్ళనూ ఒకేసారి విప్పింది. అనాథాశ్రమమో, వృద్ధాశ్రమమో, గోశాలో, వరద సాయంలో ఉన్న స్వచ్ఛంద సంస్థో తనకు కావలసిన సరుకుల పట్టీ రాసి పెడుతుంది. ఇన్ని బియ్యం బస్తాలు, ఇన్ని నూనె డబ్బాలు, ఇన్ని దుప్పట్లు అని. దాత ఆ పట్టీ చూసి తనకు చేతనైనంత కొంటాడు, ఇంటికి సరుకులు కొన్నట్టే. ఆ సరుకు దాత ఇంటికి రాదు, అడిగిన చోటికి పోతుంది. కొత్తది పోతుంది, అడిగినంతే పోతుంది. చేరిన తరువాత చేరిందని దాతకు ఫోటోలతో కబురు వస్తుంది.

ఇక్కడ కొంచెం ఆగుదాం. ఎందుకంటే చాలామంది ఈ పద్ధతిలో కొత్తదనం ఫోటోలో ఉందనుకుంటారు. నాకు పట్టీలో ఉందనిపిస్తుంది. ఏమివ్వాలో ఇచ్చేవాడు తేల్చే లోకంలో, ఏం కావాలో పుచ్చుకునేవాడు ముందు చెప్పడం మొదలుపెట్టాడు. అన్నం వండే మనిషికి తెలుసు, బియ్యం ఎన్నాళ్ళకు సరిపోతాయో, పప్పు ఎప్పుడు అయిపోతుందో. ఆ మనిషి నోటి మాటను దాత దాకా తీసుకుపోవడమే ఈ సంస్థ చేసిన పని. 2018లో కేరళ మునిగినప్పుడు వేలమంది ఈ దారినే సరుకులు పంపారు. కోవిడ్ కాలంలో పని పోయిన కుటుంబాలకు రేషన్ కిట్లు కూడా ఈ దారిన వెళ్ళాయి.

ఇదంతా వింటుంటే తిరుపతి వాళ్ళకు, చిత్తూరు వాళ్ళకు ఎక్కడో విన్నట్టుంటుంది. ఉండాలి కూడా. మనం పుట్టి పెరిగిన కొండ కింద పదిమంది రూపాయితో నడవని పని ఏదైనా ఉందా? ఏడుకొండలవాడి కథే చూడండి. పద్మావతి అమ్మవారితో పెళ్ళికి స్వామి కుబేరుడి దగ్గర అప్పు చేశాడు. ఉత్తినే చేతికిచ్చి పుచ్చుకోలేదు. పత్రం రాసుకున్నారు, బ్రహ్మ, శివుడు సాక్షులుగా. దేవుడి పెళ్ళి అప్పుకు దేవుళ్ళే సాక్షి సంతకాలు పెట్టారు. ఆ అప్పుకు వడ్డీ కట్టడానికే మనం హుండీలో కానుకలు వేస్తున్నామని, అందుకే ఆయన వడ్డీకాసులవాడని మన నానమ్మలు చెప్పారు. కోట్లమంది యాత్రికులు కలిసి తీరుస్తున్న ఒక్క పెళ్ళి అప్పు. ఇంత పెద్ద ఉమ్మడి చందా ప్రపంచంలో ఇంకెక్కడుందో నాకు తెలియదు.

హుండీలో వేసేటప్పుడు మనం లెక్క అడగం. అది భక్తి. కానీ దేవస్థానం లెక్క చూపించకుండా ఊరుకోలేదు. పరకామణి, అంటే హుండీ కానుకల లెక్కింపు, చాలాకాలం గుడిలోపలే జరిగింది. దర్శనం చేసుకుని ప్రదక్షిణగా వచ్చే యాత్రికులు ఆ నాణేల గుట్టల్నీ, లెక్కించేవాళ్ళ చేతుల్నీ చూస్తూ నడిచేవాళ్ళు. లెక్కించేవాళ్ళ ఒంటిమీద జేబున్న బట్ట ఉండకూడదన్న నియమమూ అక్కడిదే. తులాభారంలో అయితే ఇంకా స్పష్టం. బిడ్డ ఎంత బరువుంటే అంత బెల్లం, అంత చక్కెర, అంత బియ్యం, అన్ని నాణేలు. త్రాసు అందరి ముందూ తూగుతుంది. కొండమీద అన్నప్రసాదం సంగతీ చూద్దాం. నిత్యాన్నదానం పథకం 1985లో మొదలైంది. దాతలిచ్చిన మూలధనం బ్యాంకుల్లో ఉంటే, దాని వడ్డీతో వంట సాగుతుంది. కూరగాయలు మాత్రం బండ్లకెత్తి పంపే దాతలు వేరే ఉన్నారు, మన రాష్ట్రం నుంచే కాక తమిళనాడు, కర్ణాటకల నుంచి కూడా. ఆ భోజనశాలకు తరిగొండ వెంగమాంబ పేరు పెట్టారు. మన తరిగొండలో పుట్టి, కొండమీదికి వచ్చినవాళ్ళకు అన్నం పెట్టిన కవయిత్రి ఆమె.

గుళ్ళ నుంచి ఊళ్ళకు వద్దాం. కాణిపాకంలో వినాయక చవితి నుంచి 21 రోజుల బ్రహ్మోత్సవాలు. ఏ రోజు ఉత్సవం ఎవరిదో, ఖర్చు భరించే ఉభయదారులకు పంచి ఉంటుంది. తాతల నాడు ఒప్పుకున్న ఉభయం మనవల నాటికీ వదలరు. ధర్మరాజుల గుళ్ళ దగ్గర భారతాలు జరుగుతాయి కదా, పగలు హరికథ, రాత్రి వీధినాటకం, మధ్యలో అర్జునుడు తపస్సు మాను ఎక్కడం, ఆఖరున దుర్యోధన వధ, అగ్నిగుండం. ఇన్నాళ్ళ వేడుకకు ఏ జమీందారూ డబ్బు పెట్టలేదు. చుట్టూ ఉన్న పల్లెలు తలా ఇంత వేసుకున్నాయి. నాటకం రసపట్టులో ఉండగా ఆట ఆగుతుంది. మైకులో ఒక గొంతు లేస్తుంది. ఫలానా ఊరి ఫలానా రెడ్డిగారు, ఫలానా నాయుడుగారు, ఫలానా ఆచారిగారు ద్రౌపది వేషానికి నూటపదహార్లు చదివించారు అని. చిన్నప్పుడు ఆ పేర్లు చదవడం వేషాల కంటే విసుగనిపించేది. ఇప్పుడు తలుచుకుంటే ఆ మైకు ఎంత పని చేసిందో అర్థమవుతుంది. ఇచ్చినవాడి పేరూ, ఇచ్చిన మొత్తమూ, ఎవరికిచ్చాడో అదీ, అన్నీ వందలమంది చెవుల్లో పడ్డాయి. మర్నాడు ఆ డబ్బు వేషగాడికి అందలేదని ఎవరైనా అనగలరా? ఊరు ఊరంతా సాక్షి.

కాబట్టి నాకు తోచేది ఇది. పదిమంది దగ్గర పోగుచేయడం మనకు ఎప్పుడూ వచ్చు. ఊరు చిన్నగా ఉన్నంతకాలం సాక్ష్యం దానంతటదే దొరికేది. ఇచ్చినవాడూ, పుచ్చుకున్నవాడూ, చూసినవాడూ ఒకే వీధిలో ఉండేవాళ్ళు. కూకట్‌పల్లిలో ఉద్యోగం చేసే మన పిల్లవాడు, డల్లాస్‌లో ఉన్న మన ఆడబిడ్డ పలమనేరు హాస్టలుకు దుప్పట్లు ఇవ్వాలనుకుంటే ఆ వీధి లేదు, ఆ మైకు లేదు. దూరం పెరిగిన కొద్దీ పోయిన ఆ సాక్ష్యాన్ని మళ్ళీ తయారు చేసి ఇవ్వగలిగిన వ్యాపారమే ఈ రంగంలో నిలుస్తుంది.

ప్రపంచంలో ఇలాంటి ఆలోచనలు పుట్టిన తీరు చూస్తే కూడా అదే కనబడుతుంది. న్యూయార్కు రేవులో స్వేచ్ఛాప్రతిమ ఉంది కదా. విగ్రహాన్ని ఫ్రాన్సు బహూకరించింది. దాన్ని నిలబెట్టే పీఠానికి డబ్బు చాలక పని ఆగిపోయింది. ధనవంతులు కదలలేదు. 1885లో జోసెఫ్ పులిట్జర్ తన పత్రికలో జనాన్ని అడిగాడు. ఎంత చిన్న మొత్తం ఇచ్చినా సరే, ప్రతి ఒక్కరి పేరూ పత్రికలో అచ్చు వేస్తానన్నాడు. మార్చిలో అడిగితే ఆగస్టుకల్లా లక్ష డాలర్లు దాటాయి. ఇచ్చినవాళ్ళు లక్షమందికి పైనే. వాళ్ళలో ఎక్కువమంది ఇచ్చింది డాలరు కన్నా తక్కువ. మన భారతంలో మైకు చేసిన పనే అక్కడ అచ్చుయంత్రం చేసింది.

కిక్‌స్టార్టర్ అనే అమెరికా క్రౌడ్ ఫండింగ్ వేదిక కథ వేరే రకం. పెరీ చెన్ అనే యువకుడు 2002 ప్రాంతంలో న్యూ ఆర్లీన్స్‌లో ఉంటూ తనకిష్టమైన సంగీతకారుల్ని పిలిపించి కచేరీ పెట్టాలనుకున్నాడు. చేతి డబ్బు పెట్టి, జనం రాకపోతే మునిగిపోతాడు. కచేరీ పెట్టలేకపోయాడు. అప్పుడొచ్చింది ప్రశ్న. టికెట్ కొంటామని ముందే జనం మాటిచ్చి, సరిపడా మంది మాటిస్తేనే డబ్బు తీసుకుని, లేకపోతే ఎవరి దగ్గరా పైసా తీసుకోకుండా ఉంటే? ఆ ప్రశ్న కిక్‌స్టార్టర్‌గా జనం ముందుకు రావడానికి 2009 ఏప్రిల్ దాకా పట్టింది. ఆలోచన తట్టిన రోజుకూ అంగడి తెరిచిన రోజుకూ మధ్య ఏడేళ్ళు. మన పిల్లలు ఈ ఏడేళ్ళను గుర్తుంచుకోవాలని నా కోరిక. తట్టిన ఆలోచనను ఆరు నెలల్లో కోట్లు చేయలేదని బెంగపెట్టుకునే వాళ్ళను చూస్తున్నాం.

మన దేశంలో ముందే ఒక గొప్ప ఉదాహరణ ఉంది. 1976లో శ్యామ్ బెనెగల్ తీసిన మంథన్ సినిమాకు గుజరాత్ పాడిరైతులు 5 లక్షల మంది తలా 2 రూపాయలు వేసి నిర్మాతలయ్యారు. పాలు పోసే రైతు తన కథకు తానే పెట్టుబడి పెట్టి, తానే బండి కట్టుకుని వెళ్ళి చూశాడు. ఇక ఇంటర్నెట్ కాలంలో స్మితా రామ్, రామకృష్ణ దంపతులు 2008 జనవరి 26న రంగ్ దే మొదలుపెట్టారు. మామూలు మనుషులు చిన్న మొత్తాలు కలిపి పల్లెవాళ్ళకు తక్కువ వడ్డీకి అప్పివ్వడం దాని పద్ధతి. మిలాప్ 2010లో వచ్చింది, కెట్టో 2012లో వచ్చింది. ఇప్పుడు ఫోన్లో మనకు కనబడే వైద్య సాయం అభ్యర్థనలు ఎక్కువగా ఇలాంటి వేదికల నుంచే వస్తున్నాయి.

సాక్ష్యం గురించి ఇంత మాట్లాడాను కాబట్టి, సాక్ష్యం పేరుతో జరిగే పొరపాటు కూడా చెప్పాలి. కీవా అని అమెరికా సంస్థ ఒకటి 2005లో మొదలైంది. మ్యాట్ ఫ్లానరీ, జెస్సికా జాక్లీ దాని స్థాపకులు. ఉగాండాలో చిన్న దుకాణదారుల ఫోటో, కథ పెట్టి, వాళ్ళకు మీరు 25 డాలర్లు అప్పివ్వండి అన్నారు. జనం పరవశించి ఇచ్చారు. 2009లో డేవిడ్ రూడ్‌మన్ అనే పరిశోధకుడు ఒక సంగతి బయటపెట్టాడు. ఫోటోలో ఉన్న మనిషికి స్థానిక సంస్థ చాలావరకు ముందే అప్పిచ్చేసి ఉంటోంది. మనం నొక్కిన బటన్‌కూ ఆ మనిషి చేతికి అందిన డబ్బుకూ మనం ఊహించుకున్నంత నేరుగా సంబంధం లేదు. మోసమేమీ జరగలేదు, డబ్బు మంచి పనికే పోయింది. కానీ చూపించినది ఒకటి, జరిగినది ఇంకొకటి. కీవా ఆ తరువాత తన పద్ధతిని ఇంకా వివరంగా చెప్పడం మొదలుపెట్టింది. ఫోటో కనబడగానే సాక్ష్యం దొరికిందనుకోకూడదని ఆ ఉదంతం నాకు నేర్పింది.

ఇంకొకటి, నన్ను ఎక్కువగా బాధపెట్టేది. సాయం అందుకునే మనిషి ముఖాన్ని మనం సాక్ష్యంగా వాడుకుంటున్నాం. దుప్పటి పట్టుకుని కెమెరా ముందు నిలబెట్టిన ముసలమ్మ, పళ్ళెం పట్టుకుని వరసలో నవ్వమని చెప్పించుకున్న పిల్లలు. ఆ పిల్లలు రేపు పెద్దవాళ్ళవుతారు, ఆ ఫోటో ఇంటర్నెట్‌లో అలాగే ఉంటుంది. చందా ఇచ్చిన వెయ్యి రూపాయలకు వాళ్ళ ముఖం మీద మనకు హక్కు రాదు. కాటా చీటీ ఉంది, అంగడి బిల్లు ఉంది, వంటమనిషి సంతకం ఉంది, సరుకు గదిలో దించిన బస్తాల ఫోటో ఉంది. ఇవి చాలు. ఈ రంగంలోకి వచ్చే యువకులు ఈ కట్టుబాటును మొదటి రోజునుంచే పెట్టుకోవాలని గట్టిగా కోరుకుంటున్నాను. మన పెద్దలు గుప్తదానాన్ని మెచ్చుకున్నది ఇచ్చేవాడి వినయం కోసమే అనుకుంటాం. పుచ్చుకునేవాడి పరువు కూడా అందులో దాగి ఉంది.

వస్తువు మాత్రమే ఇవ్వాలి, డబ్బు ఇవ్వకూడదు అని కూడా నేను అనడం లేదు. కెన్యాలో పేద కుటుంబాలకు నేరుగా డబ్బే పంపి చూశారు. వాళ్ళు ఆ డబ్బును తిండికీ, ఇంటి కప్పుకీ, పశువులకీ బుద్ధిగానే వాడుకున్నారని అధ్యయనాలు తేల్చాయి. వరద తీసిన పదోరోజున ఊళ్ళో అంగడి తెరిచాక, ఏం కావాలో ఆ ఇంటావిడకు మనకంటే బాగా తెలుసు. బయటినుంచి లారీ సరుకు దించితే ఆ ఊరి కిరాణా కొట్టువాడి బేరం పోతుంది. నీళ్ళు నిలిచి ఉన్న మొదటి రోజుల్లో బియ్యం బస్తాదే పెద్దపీట. తరువాత మెల్లగా డబ్బుకు చోటివ్వాలి.

చట్టం సంగతి క్లుప్తంగా చెబుతాను. విరాళంగా పోగుచేయడానికి మన దేశంలో దారి ఉంది. గుర్తింపు ఉన్న సంస్థకు ఇస్తే, పాత పన్ను పద్ధతిలో ఉన్నవాళ్ళకు ఆదాయపు పన్నులో మినహాయింపు కూడా వస్తుంది. నగదుగా 2,000 రూపాయలు దాటి ఇస్తే మాత్రం ఆ మినహాయింపు రాదు. ఇంటర్నెట్ మీద ఒకరి దగ్గర తీసుకుని ఇంకొకరికి అప్పిప్పించే వేదికలకు రిజర్వు బ్యాంకు 2017లో నియమాలు పెట్టింది, అనుమతి లేకుండా నడపకూడదు. నా కంపెనీలో వాటా ఇస్తాను, తలా వెయ్యి వేయండి అని ఊరందర్నీ పిలవడం కుదరదు. 2013 కంపెనీల చట్టం ప్రకారం ప్రైవేటుగా వాటాలు ఇవ్వజూపడం ఏడాదికి 200 మందిని దాటకూడదు. వాటాల మార్కెట్టును నియంత్రించే సెబీ 2014లో ఈ విషయం మీద ఒక చర్చాపత్రం విడుదల చేసింది గానీ తలుపులు తెరవలేదు. ఈ జాగ్రత్తను నేను తప్పుపట్టను. అగ్రిగోల్డ్ అనే డిపాజిట్ల సంస్థలో కట్టిన డబ్బు కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూసిన కుటుంబాలు మన జిల్లాల్లోనే ఉన్నాయి. చీటీ పాడి మునిగిన ఇల్లు లేని వీధి ఉందా? 1982లో చిట్‌ఫండ్ల చట్టం వచ్చినా, రిజిస్టరు కాని చీటీలు ఇంకా నడుస్తూనే ఉన్నాయి. మన పక్క మనుషులు డబ్బు దగ్గర అనుమానించడం నేర్చుకున్నది దెబ్బలు తిని. ఆ అనుమానాన్ని వెనకబాటుతనం అనకండి. వ్యాపారం చేయదలచినవాడు దాన్ని గౌరవించి, దానికి జవాబు తయారుచేయాలి.

తిరుపతిలో రుయా, స్విమ్స్ ఆసుపత్రుల దగ్గర రోగుల వెంట వచ్చిన బంధువుల్ని చూస్తుంటాం. ఎవరి ఫోన్లోనో ఒక బిడ్డ ఫోటో, కింద క్యూఆర్ కోడ్, వాట్సాప్‌లో తిరుగుతూ ఉంటుంది. నిజమైన కష్టమూ ఉంటుంది, దొంగ కష్టమూ ఉంటుంది. డబ్బు నేరుగా ఆసుపత్రి ఖాతాకు పోతోందా, వ్యక్తి ఖాతాకు పోతోందా అని ఒక్కసారి చూడండి. రోగి వివరాలు ఆసుపత్రిలో కనుక్కోవచ్చు. వేదికలు కూడా ఊరికే నడవవు. కొన్ని చందాలో రుసుము తీసుకుంటాయి, కొన్ని దాతనే టిప్పు అడుగుతాయి, కొన్ని సరుకు ధరలో మిగులు చూసుకుంటాయి. తీసుకోవడం తప్పేమీ కాదు, మనుషులకు జీతాలివ్వాలి కదా. ఎంత తీసుకుంటున్నారో ఇచ్చే ముందే స్పష్టంగా రాసి ఉండాలి. టిప్పు గడిలో ముందే ఒక అంకె వేసి పెట్టి ఉంటే, దాన్ని మార్చుకునే హక్కు మీకుంది.

ఇక మన తిరుపతిలో చదువుకునే పిల్లలకు ఒక మాట. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో, మహిళా విశ్వవిద్యాలయంలో, ఏర్పేడు దగ్గర ఐ.ఐ.టి.లో స్టార్టప్ పెట్టాలని ఉబలాటపడే వాళ్ళు చాలామంది ఉన్నారు. ఎక్కడ వెతకాలి ఆలోచన కోసం అని అడిగితే నేను శ్రీకాళహస్తి దారి చూపిస్తాను. అక్కడి కలంకారీ చూడండి. నూలు గుడ్డను కరక్కాయ కలిపిన పాలలో నానబెట్టి ఆరబెడతారు. బెల్లం, తుప్పు ఇనుము ఊరబెట్టి నల్ల రంగు చేస్తారు. వెదురు కలానికి గుడ్డ చుట్టి ఆ రంగులో ముంచి చేత్తో గీస్తారు. గీసి, ఉడకబెట్టి, పారే నీళ్ళలో ఉతికి, మళ్ళీ రంగు వేసి, మళ్ళీ ఉతికి. ఒక పెద్ద బొమ్మ గుడ్డకు వారాలు పడుతుంది. ఆ వారాలన్నీ కళాకారుడి ఇల్లు గడవాలి. గుడ్డకూ రంగుకూ పెట్టుబడి ముందే కావాలి. మధ్యవర్తి దగ్గర అడ్వాన్సు తీసుకుంటే ధర అతను చెప్పినదే అవుతుంది.

కొనేవాడి వైపు నుంచి చూస్తే ఇంకొక బాధ. యంత్రం మీద అచ్చు వేసిన చీరను కూడా కలంకారీ అనే అమ్ముతున్నారు. భౌగోళిక గుర్తింపు వచ్చినా, బెంగుళూరులో అంగడి ముందు నిలబడ్డ ఆవిడకు ఏది చేత్తో గీసినదో తేల్చుకోవడం కష్టం. ఎక్కువ ధర పెట్టడానికి సిద్ధంగా ఉండి కూడా అనుమానంతో వెనక్కి పోతుంది. ఇచ్చేవాడికి మనసుంది, అందుకోవలసినవాడికి అవసరముంది, మధ్యలో ఉన్నది అనుమానం ఒక్కటే. మద్రాసు వరదల్లో ఆ యువకులు చూసినది సరిగ్గా ఇదే కదా. ముందే డబ్బు కట్టి తన చీరను తానే చెప్పి గీయించుకునే పద్ధతి పెట్టండి. పాలలో నానిన గుడ్డ దగ్గర నుంచి చివరి ఉతుకు దాకా ప్రతి దశా ఆమెకు కనబడనివ్వండి. గీసిన చేతులు కనబడితే చాలు. పేరు వేయాలా వద్దా అన్నది ఆ కళాకారుణ్ణే అడగండి.

ఆ పని మొదలుపెట్టదలచినవాళ్ళు లాప్‌టాప్ తెరిచే ముందు శ్రీకాళహస్తి వెళ్ళి, నాలుగు ఇళ్ళలో కూర్చోండి. నెలకు ఎంత గుడ్డ కావాలి, ఏ రంగు ఎక్కడినుంచి తెస్తారు, ఎవరికి ఎంత బాకీ ఉన్నారు, ఏ బొమ్మ గీయాలని ఉండి కొనేవాళ్ళు లేక మానుకున్నారు, అవన్నీ వాళ్ళ నోటి మాటగా రాసుకుని రండి. మీ మొదటి పట్టీ అదే.